పలక మీద నంబరు

మా నాయన ఫొటో మా ఇంట్లో లేదు. ఆయన పోయి పద్దెనిమిదేళ్ళు దాటింది. మా పిల్లలు "తాత ఎట్లుండేవాడు నాయనా?" అని అడిగితే నా చేతులు ముందుకు చాపి, "వేళ్ళు మాత్రం ఇట్లాగే ఉండేవి" అంటాను. అంతకు మించి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

అట్లాగని ఆయన్ను ఎవరూ ఫొటో తీయలేదని కాదు. ఒకసారి తీశారు. నేను ఆరో తరగతి చదువుతూ సెలవులకు గూడేనికి వచ్చి ఉన్నాను. ఇళ్ళు ఇస్తామని ఒక ఆఫీసు నుంచి మనుషులు వచ్చారు. ఒక్కో కుటుంబాన్ని వాళ్ళ గుడిసె ముందర నిలబెట్టారు. ఇంటి పెద్ద చేతికి ఒక పలక ఇచ్చారు. మన మార్కాపురం పలకే, నాలుగు వైపులా చెక్క చట్రం ఉన్నది. దాని మీద సుద్దముక్కతో నంబరు రాశారు. మాది 27. నాయన దాన్ని గుండెకు ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. కెమెరా టక్కుమంది. ఆ వెంటనే ఒకాయన పలక లాక్కుని, తడిగుడ్డతో తుడిచి, 28 అని రాసి పక్కింటాయన చేతికిచ్చాడు.

ఆ ఫొటో ఫైల్లోకి పోయింది. మాకు కాపీ రాలేదు. నాకు ఉద్యోగం వచ్చాక ఒకసారి వెళ్ళి అడిగాను. అంత పాత కాగితాలు లేవన్నారు. చెదలు తిన్నాయో, ఎలుకలు కొట్టాయో. వాళ్ళను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆ పలక నా మనసులో నుంచి పోలేదు, అందుకు రాస్తున్నాను. నాయన చేతిలో ఉన్న పలక మీద పేరు ఎందుకు లేదు అన్న ప్రశ్న పట్టుకుని, ఫొటో అనే పని ఎక్కడ మొదలైంది, ఎట్లా మొదలైంది అని కొన్నేళ్ళుగా చదువుతున్నాను. తెలుసుకున్నది మన పిల్లలకూ, తోటి టీచర్లకూ చెప్పాలనిపించింది.

మొదట చెప్పవలసింది, కెమెరా అనేది మనం ఎరగని వస్తువు కాదు. మా పాత గుడిసె గుండ్రంగా ఉండేది. వెదురు తడికల గోడ, పైన బోద కప్పు. తలుపు తడిక మూసి మధ్యాహ్నం పడుకుంటే లోపల చీకటి. తడికలో ఒకచోట చిన్న బెజ్జం ఉండేది. బయట ఎండ బాగా కాసినప్పుడు ఆ బెజ్జంలో నుంచి వచ్చిన వెలుతురు ఎదుటి గోడ మీద పడి, బయట ఉన్న చెట్టు తలకిందులుగా కనిపించేది. బయట మనిషి నడిస్తే గోడ మీద కాళ్ళు పైకి, తల కిందికి పెట్టి నడిచేవాడు. చిన్నప్పుడు నాకు భయం వేసేది. "ఎండ ఆడుకుంటా ఉందిలేరా, పండుకో" అనేది మా అవ్వ.

టీటీసీ చదివేటప్పుడు తెలిసింది, అది ఎండ ఆట కాదు, పాఠమని. వెలుతురు తిన్నగా పోతుంది. చెట్టు కొన నుంచి వచ్చిన వెలుతురు బెజ్జం దాటి గోడ కింది వైపు పడుతుంది, మొదలు నుంచి వచ్చింది పై వైపు పడుతుంది. వెయ్యేళ్ళ కిందట అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైథమ్ దీన్ని పరీక్షించి రాశాడు. ఆ తర్వాత ఐరోపా చిత్రకారులు చీకటి గదులు, చీకటి పెట్టెలు కట్టుకుని, బెజ్జంలో అద్దం బిగించి, పడిన బొమ్మ మీద గీతలు గీసుకునేవాళ్ళు. కెమెరా అనే మాటకు లాటిన్‌లో గది అని అర్థం. మా గుడిసె ఒక కెమెరా.

అంటే బొమ్మ పడటం కష్టం కాదు. పడిన బొమ్మ నిలవడం కష్టం. తలుపు తీస్తే బొమ్మ పోతుంది, పలక మీద రాత తడిగుడ్డకు పోయినట్టు. ఫొటోగ్రఫీ తొలి చరిత్ర అంతా ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరిగింది.

ఫ్రాన్సు దేశంలో నియెప్స్ అనే ఆయన దీన్ని మొదట సాధించాడు. తగరం ఎక్కువగా ఉన్న లోహపు రేకు మీద తారు లాంటి పదార్థం పల్చగా పూశాడు. అది వెలుతురు తగిలిన చోట గట్టిపడుతుంది, తగలని చోట మెత్తగా ఉంటుంది. రేకును చీకటి పెట్టెలో పెట్టి తన మేడ కిటికీ వైపు తిప్పాడు. తర్వాత నూనెతో కడిగితే మెత్తగా ఉన్నది పోయి, గట్టిపడినది నిలిచింది. అది 1826 లేదా 1827లో జరిగింది. ఆ బొమ్మ పడటానికి కనీసం ఎనిమిది గంటలు పట్టిందంటారు. ఆ లోపల సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోయాడు కాబట్టి, అందులో ఇళ్ళ గోడలకు రెండు వైపులా ఎండ కనిపిస్తుంది. ఇప్పటికి మిగిలి ఉన్న కెమెరా బొమ్మల్లో అన్నిటికన్నా పాతది అదే.

ఆయనతో కలిసి పనిచేసిన డాగెర్ ఇంకో దారి కనిపెట్టాడు. రాగి రేకుకు వెండి పూత పూసి, అద్దంలా మెరిసేదాకా రుద్ది, అయోడిన్ ఆవిరి పట్టించాడు. అప్పుడది వెలుతురుకు మారే గుణం తెచ్చుకుంటుంది. కెమెరాలో పెట్టి తీశాక కంటికి ఏమీ కనపడదు. పాదరసం ఆవిరి పట్టిస్తే బొమ్మ పైకి తేలుతుంది. 1839 ఆగస్టు 19న ఫ్రాన్సు ప్రభుత్వం ఈ పద్ధతిని అందరి ముందూ బయటపెట్టింది. అందుకే ఆ రోజును ప్రపంచ ఫొటోగ్రఫీ దినం అంటున్నాం. ఆ పద్ధతికి ఒక లోపం ఉంది. రేకు ఒక్కటే బొమ్మ. రెండో కాపీ ఉండదు.

ఆ లోపం దిద్దినవాడు ఇంగ్లండులో టాల్బట్. ఆయన వెండి లవణం పూసిన కాగితం వాడాడు. వెలుతురు తగిలిన చోట కాగితం నల్లబడింది, తగలని చోట తెల్లగా ఉంది. అంటే తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా తిరగబడింది. అదే నెగటివు. ఆయన 1835లో తన ఇంటి కిటికీని ఇట్లా తీసిన చిన్న నెగటివు ఇప్పటికీ ఉంది. ఆ నెగటివును ఇంకో కాగితం మీద ఉంచి ఎండలో పెడితే అసలు బొమ్మ వస్తుంది. ఒక్క నెగటివు నుంచి ఎన్ని కాపీలైనా తీయొచ్చు. నాయన ఫొటోకు కాపీ ఇవ్వడం కుదరదని ఎవరైనా చెబితే నమ్మకండి. టాల్బట్ కాలం నుంచీ కుదురుతూనే ఉంది.

ఇక నిలబెట్టడం. బొమ్మ వచ్చాక కూడా కాగితం మీద వెండి లవణం మిగిలి ఉంటుంది. వెలుతురులోకి తెస్తే అది కూడా నల్లబడి బొమ్మను మింగేస్తుంది. మొదట ఉప్పునీళ్ళతో ఆపాలని చూశారు. జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త అంతకు ఇరవై ఏళ్ళ ముందే ఒక సంగతి గమనించి ఉన్నాడు. ఒక రకం ఉప్పు ఈ వెండి లవణాలను కరిగించేస్తుందని. 1839లో దాన్ని ఫొటోలకు వాడి చూపించాడు. దాన్నే మన స్టూడియోలవాళ్ళు హైపో అనేవాళ్ళు.

హైపో అనే మాట నేను మొదట విన్నది పుస్తకంలో కాదు, మార్కాపురంలో. పదో తరగతి హాల్‌టికెట్టు కోసం జీవితంలో మొదటిసారి ఫొటో దిగాను. బ్లాక్ అండ్ వైటు. అర్జెంటుగా కావాలంటే స్టూడియో ఆయన "కూర్చో, కడిగి ఇస్తా" అన్నాడు. నేను తెరవైపే చూస్తున్నానని గమనించి లోపలికి పిలిచాడు. ఎర్ర బల్బు, మూడు తొట్లు, ముక్కు పొడిచే వాసన. తెల్ల కాగితాన్ని మొదటి తొట్లో వేసి పటకారతో కదుపుతుంటే నా మొహం మెల్లగా తేలింది. ముందు జుట్టు, తర్వాత కళ్ళు. నీళ్ళలో నుంచి లేచి వస్తున్నట్టు. నేను కాగితం అందుకోబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు అబ్బాయ్, హైపోలో పడకపోతే నువ్వు నిలవవు" అన్నాడు. ఆ మాటకు అప్పుడు నవ్వాను. తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

నిలవడం అంటే మందు ఒక్కటే సరిపోదు. తొలినాళ్ళ ఫొటోల్లో పడాలంటే మనిషి కూడా కదలకుండా ఉండాలి. 1838లో డాగెర్ పారిస్ నగరంలో ఒక పెద్ద వీధిని తీశాడు. అది రద్దీ వీధి. గుర్రపుబండ్లు, మనుషులు తిరుగుతూనే ఉంటారు. బొమ్మ పడటానికి చాలా నిమిషాలు పట్టేది కాబట్టి కదులుతున్నవాళ్ళెవరూ అందులో పడలేదు. వీధి ఖాళీగా కనిపిస్తుంది. ఒక మూలన మాత్రం ఒక మనిషి కాలు ఎత్తి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని బూట్లు ఎవరో తుడుస్తున్నారు. తుడిపించుకోవడానికి ఒకచోట ఆగాడు కాబట్టి బొమ్మలో పడ్డాడు. కెమెరాకు చిక్కిన మొదటి మనుషులు వీళ్ళిద్దరే అంటారు. ఇద్దరి పేర్లూ ఎవరికీ తెలియవు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మన పెంటలు గుర్తొచ్చాయి. తేనె కాలంలో ఒకచోట, గడ్డల కాలంలో ఒకచోట తిరిగే బతుకు మనది. ఆగినవాళ్ళనే పట్టుకునే పెట్టెలో మనం ఎట్లా పడతాం?

ఫొటో మన దేశానికి వెంటనే వచ్చింది. డాగెర్ పద్ధతి బయటపడిన ఏడాదిలోపే కలకత్తాకు చేరింది. 1851లో ఆర్చర్ అనే ఆంగ్లేయుడు గాజు పలక మీద తీసే పద్ధతి కనిపెట్టాడు. కాగితం కన్నా బొమ్మ నున్నగా, స్పష్టంగా వచ్చేది. కాని చిక్కు ఏమిటంటే, గాజుకు పూసిన పూత తడిగా ఉండగానే ఫొటో తీయాలి, తడి ఆరకముందే కడగాలి. పది పదిహేను నిమిషాల పని. ఎక్కడికి పోయినా గాజు పలకలు, మందు సీసాలు, నీళ్ళు, చీకటి గుడారం మోసుకుపోవాలి. మన గిద్దలూరు, మార్కాపురం ఎండల్లో ఆ పూత ఎంత త్వరగా ఆరిపోతుందో ఊహించుకోండి. పొడి పలకలు, ఫిల్ము చుట్టలు వచ్చేదాకా అడవి లోపలికి కెమెరా పోవడం తేలిక కాదు. 1871లో మాడాక్స్ పొడి పలక దారి చూపాడు. 1888లో ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాతో చుట్ట ఫిల్మును మామూలు మనిషి చేతికిచ్చాడు.

అయినా దొరలు మనుషుల్ని తీయడం ఆపలేదు. 1868 నుంచి 1875 వరకు లండన్‌లో ఎనిమిది సంపుటాల పుస్తకం అచ్చయింది. పేరు ది పీపుల్ ఆఫ్ ఇండియా. 1857 తిరుగుబాటు తర్వాత, తాము ఏలుతున్న జనం ఎవరో తెలుసుకోవాలని సర్కారు చేసిన పని. నాలుగు వందలకు పైగా ఫొటోలు. మనిషి ఎవరు అన్నదానికన్నా ఏ కులం, ఏ తెగ అన్నదే ముఖ్యం. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్, రంగాచారితో కలిసి ఏడు సంపుటాలు తెచ్చాడు. చెంచుల గురించి అందులో ఉంది. కర్నూలు, నెల్లూరు జిల్లాల కొండల్లో ఉండేవాళ్ళని రాశాడు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివే కాబట్టి, ఆ రాత మనదే. థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాడు. తల చుట్టుకొలత రాసుకున్న పుస్తకంలో ఆ తల ఎవరిదో ఉండదు.

అదే రోజుల్లో హైదరాబాదులో లాలా దీన్ దయాళ్ గొప్ప ఫొటోగ్రాఫరు. మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉండేవాడు, రాజా బిరుదు పొందాడు. 1902లో వరంగల్ వైపు నెక్కొండ దగ్గర వైస్రాయి కర్జన్ పులివేటకు వచ్చినప్పటి ఫొటో ఉంది. చచ్చిన పులి, పక్కన కర్జన్, ఆయన భార్య. వాళ్ళ పేర్లు ప్రపంచానికి తెలుసు. జాడ తీసేవాళ్ళు, తోలేవాళ్ళు లేకుండా ఏ దొరా పులిని కొట్టలేడు. వాళ్ళ పేర్లు ఆ ఫొటోతో పాటు మనదాకా రాలేదు.

అందరూ ఒకటే అని మాత్రం చెప్పను. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు కృష్ణకు అవతల అమ్రాబాద్ వైపు చెంచుల మధ్య ఉండి చూసి, 1943లో పుస్తకం తెచ్చాడు. అందులో మనుషులు పేర్లతో కనిపిస్తారు, కుటుంబాల కథలు ఉన్నాయి. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటిని మొదట కంప్యూటర్లో చూసినప్పుడు నాకు సంతోషమూ వేసింది, కడుపులో ఒకలాంటి బాధా వేసింది. మా నాయన తరానికి ముందు తరం మొహాలు చూడాలంటే నేను లండన్ వైపు చూడాలి. ఒక్కో ముసలాయన చేతులు చూసి ఆగిపోయేవాడిని.

ఇదంతా పిల్లలకు నోటితో చెబితే సరిపోదనిపించింది. పోయిన ఏడాది సైన్సు పీరియడ్‌లో పని మొదలుపెట్టాం. అగ్గిపెట్టె, అట్టపెట్టెలతో సూదిబెజ్జం కెమెరాలు చేశాం. తర్వాత హెర్షెల్ 1842లో కనిపెట్టిన నీలి ముద్ర పద్ధతి పట్టాం. దానికి వెండి అక్కర్లేదు, ఖర్చు తక్కువ. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్ళలో, పొటాషియం ఫెర్రిసైనైడ్ 10 గ్రాములు ఇంకో 100 మిల్లీలీటర్లలో కలిపి, రెండూ సమానంగా తీసుకోవాలి. మసక వెలుతురులో కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టాలి. పైన ఆకు పెట్టి ఎండలో ఉంచితే, వెలుతురు తగిలిన చోట రంగు మారుతుంది. నీళ్ళలో కడిగితే పసుపు పోయి ముదురు నీలం మిగులుతుంది, ఆకు ఉన్న చోటు తెల్లగా ఉంటుంది. 1843 నుంచి అన్నా అట్కిన్స్ అనే ఆమె సముద్రపు నాచును ఇట్లాగే ముద్రలు తీసి పుస్తకాలు చేసింది. టీచర్లకు ఒక మాట: చేతులకు తొడుగులు వేయించండి, మందులు మీ చేతుల్లోనే ఉంచుకోండి, వాటిలో యాసిడ్ కలవకుండా, వేడి తగలకుండా చూసుకోండి.

మేం కింద పలక పెట్టాం, పలక మీద కాగితం, కాగితం మీద తునికాకు, దాని మీద పాత పటం నుంచి తీసిన గాజు. చైత్రం ఎండకు పది నిమిషాలు చాలింది.

ఆకుల తర్వాత మనుషులు. సెల్‌ఫోన్లో ఫొటో తీసి, నెగటివుగా మార్చి, జిరాక్సు షాపులో పారదర్శక షీటు మీద ప్రింటు వేయించాం. టాల్బట్ పనే, షీటు మాత్రం ప్లాస్టిక్కు. ఎండలో పెట్టబోయే ముందు ఒక ఆడపిల్ల షీటు కింది అంచున నల్ల స్కెచ్‌పెన్నుతో ఆ మనిషి పేరు రాసింది. ఎందుకమ్మా అంటే, "మర్చిపోతాం గదా సార్" అంది. కడిగి చూస్తే పేరు తెల్లగా వచ్చింది, నీలం మీద తెల్ల అక్షరాలు. పలక మీద సుద్దతో రాసినట్టే ఉంది. తడిగుడ్డ పెట్టి రుద్ది చూశాను. పోలేదు.

ఆ బొమ్మ గూడెంలో ఒక అవ్వది. తీసుకుపోయి ఇస్తే అటూ ఇటూ తిప్పి, "నీలంగా ఉండానే. కింద ఏం రాసినార్రా?" అని అడిగింది. పిల్ల చదివి వినిపించింది. అవ్వ ఊరుకోలేదు. "ఇంటిపేరు యాడ? ఆ పేరోళ్ళం ఈ గూడెంలోనే ముగ్గురం ఉండాం. ఇంటిపేరు పెట్టి ఇంకోటి తీయండి" అంది. రెండోది తీశాం. మొదటిది కూడా తిరిగి ఇవ్వలేదు.

తేనె తీసే ఒక తాత మాత్రం మొహం వద్దన్నాడు. వద్దంటే వద్దే. అడిగి తీయడం, వద్దంటే మానుకోవడం, తీసింది ఇవ్వడం, పేరు రాయడం. ఈ నాలుగూ మా బడి గోడ మీద రాసి పెట్టుకున్నాం. మేం లేవబోతుంటే ఆ తాతే, "చెయ్యి కావాలంటే తీసుకోండి" అన్నాడు. గాజు మీద చెయ్యి ఆనించి, పది నిమిషాలు కదలకుండా ఎండలో కూర్చున్నాడు. పిల్లలు చుట్టూ కూర్చుని నిమిషాలు లెక్కపెట్టారు. వేళ్ళ అంచులు కొంచెం చెదిరాయి, అయినా చెయ్యి బాగానే పడింది. ఒక కాపీ ఆయనకు ఇచ్చాం. ఒకటి ఆయన్ను అడిగి నేను తెచ్చుకున్నాను. మా ఇంట్లో గోడకు ఉంది. కింద ఆయన ఇంటిపేరు, పేరు ఉన్నాయి.

చదువుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒకటే అడుగుతున్నాను. ఇప్పుడు కెమెరా మీ జేబులో ఉంది. ఈ పండక్కి ఇంటికి పోయినప్పుడు అవ్వనూ తాతనూ అడిగి ఒక్క ఫొటో తీయండి. ఫోన్లో వదిలేయకండి, ఫోను పోతే అదీ పోతుంది. పట్నంలో ప్రింటు వేయించి, వెనకాల ఇంటిపేరు, పేరు, గూడెం, తేదీ రాసి వాళ్ళ చేతికే ఇవ్వండి.